మౌంట్ వెర్నన్ పట్టీ: 1799లో 317 మంది

1799 వేసవిలో జార్జి వాషింగ్టన్ ఒక పట్టీ రాసుకున్నాడు. అమెరికా తొలి అధ్యక్షుడిగా పదవి దిగి, వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డునున్న మౌంట్ వెర్నన్ ఎస్టేటుకు తిరిగొచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది. ఎస్టేటులో ఐదు కమతాలు. ఏ కమతంలో ఎవరున్నారు, వయసెంత, ఏం పని చేస్తారు, పెళ్లయిందా, అయితే భార్యో భర్తో ఎక్కడున్నారు అన్నదంతా ఆయన సొంత దస్తూరీలోనే ఉంది. మొత్తం 317 మంది. అందరూ బానిసత్వంలో ఉన్నవాళ్లే. ఎక్కువమందికి ఒట్టి పేరే తప్ప ఇంటిపేరు రాయలేదు.

అక్కడ బతికిన మనుషుల ఆచూకీ వెతికేవాళ్లకు ఇంతకన్నా మంచి ఆధారం దొరకడం అరుదు. కానీ ఆ పట్టీ ఎందుకు రాశాడో మరిచిపోతే దాన్ని తప్పుగా చదువుతాం.

పట్టీలో పేర్లు రెండు వరసలుగా ఉంటాయి. ఒకవైపు వాషింగ్టన్ సొంతానికి చెందినవాళ్లు, 123 మంది. రెండోవైపు 153 మంది ఆయన భార్య మార్తా మొదటి భర్త డేనియల్ కస్టిస్ ఆస్తి కింద లెక్క. కస్టిస్ 1757లో వీలునామా రాయకుండా చనిపోయాడు. ఆస్తిలో మూడో వంతు మీద మార్తాకు జీవితకాలపు అనుభవ హక్కే వచ్చింది. ఆమె తర్వాత అది కస్టిస్ వారసులకే దఖలు పడాలి. మిగిలిన 41 మంది అద్దెకు తెచ్చుకున్నవాళ్లు. 1799 జూలై 9న వాషింగ్టన్ వీలునామా రాశాడు. తన సొంతానికి ఉన్నవాళ్లకు మార్తా మరణానంతరం విడుదల అన్నది అందులోని మాట. తేదీలు ఇంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి, ఎవరిని వదలగలడో ఎవరిని వదల్లేడో తేల్చుకోవడానికే ఈ పట్టీ అనుకోవడం సబబు.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగాలి. బానిసల పెళ్లిళ్లను వర్జీనియా చట్టం గుర్తించేది కాదు. అయినా పట్టీలో ఎవరి భార్య ఎవరో, ఎవరి భర్త ఏ కమతంలో ఉన్నాడో ఉంది. చట్టానికి పట్టని ఆ కాపురాలు యజమాని లెక్కల్లోకి ఎక్కాయి. అక్కడి పరిశోధకులు లెక్క కట్టి చూస్తే, పెళ్లయిన 96 మందిలో 36 మందే భార్యాపిల్లలతోనో, భర్తాపిల్లలతోనో ఒకే ఇంట్లో ఉన్నారు. మరో 38 మంది జీవిత భాగస్వాములు వాషింగ్టన్‌వే అయిన వేరే కమతాల్లో ఉన్నారు.

జో, సిల్లాల సంసారం చూడండి. జో కాలువలు తవ్వేవాడు, వాషింగ్టన్ సొంతం, ఉండేది పెద్దింటి కమతంలో. సిల్లా డోగ్ రన్ కమతంలో పొలం పని చేసేది, కస్టిస్ ఆస్తి కింద లెక్క. పిల్లలు ఆరుగురు. తల్లి ఎవరి సొత్తో పిల్లలూ వాళ్ల సొత్తేనన్నది నాటి చట్టం. పట్టీలో మొగుడూ పెళ్లాలు చెరో వరసలో ఉన్నారు. మార్తా తన మరణం దాకా ఆగకుండా 1801 జనవరి 1 నుంచే భర్త తాలూకు వాళ్లను విడిచిపెట్టింది. జోకి విముక్తి వచ్చింది. సిల్లాకు, పిల్లలకు రాలేదు. 1802లో మార్తా చనిపోయాక కస్టిస్ వారసులు తమ వాటాలు పంచుకున్నారు. వాషింగ్టన్ బానిసలను విడుదల చేశాడన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాటతో ఆపేస్తే సిల్లా కనిపించదు. అందుకే పట్టీని నిలువుగా కాక అడ్డంగా చదవాలంటాను.

కాగితం రాసినవాడి అవసరం కాగితంలో ఎంత ఉంటుందో ఓనా జడ్జ్ ఉదంతం చెబుతుంది. మార్తాకు దగ్గరుండి సేవ చేసే ఈ యువతి 1796 మేలో ఫిలడెల్ఫియాలోని అధ్యక్ష నివాసం నుంచి తప్పించుకుంది. పట్టిస్తే 10 డాలర్లు ఇస్తామని పత్రికలో వేశారు. ఆమె ముఖాన చిన్న మచ్చలనూ, నల్లటి కళ్లనూ, దట్టమైన జుట్టునూ వర్ణించి, వెళ్లిపోవడానికి కారణమేమీ లేదని అందులో రాశారు. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత న్యూహాంప్‌షైర్‌లో ఆమే నోరు విప్పింది. తనను మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని తెలిసిందని, వాళ్లు భోజనానికి కూర్చున్న వేళ బయటపడ్డానని చెప్పింది. ఆ మాటలు అచ్చువేసినవి బానిసత్వ నిర్మూలన కోరే పత్రికలు. వాటికీ ఒక ఉద్దేశం ఉంది. అయినా కారణం చెప్పగలిగింది ఆమె ఒక్కతే కాబట్టి, ఆ విషయంలో ప్రకటన కన్నా ఆమె మాటకే ఎక్కువ విలువ ఇస్తాను.

వంటవాడు హెర్క్యులిస్ సంగతి వేరు. 1797 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజునే, మౌంట్ వెర్నన్ నుంచి మాయమయ్యాడు. ఆ తర్వాత ఏమయ్యాడో చాలాకాలం తేలలేదు. మాడ్రిడ్‌లోని ఒక మ్యూజియంలో ఉన్న చిత్రం ఆయనదేనని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నిపుణులు పరిశీలించి కాదన్నారు. 2019లో పరిశోధకులు న్యూయార్క్ మరణాల రికార్డులో 1812 మే 15 నాటి ఒక పేరు గుర్తించారు: హెర్క్యులిస్ పోసీ, వర్జీనియావాడు. వాషింగ్టన్‌కు హెర్క్యులిస్ వచ్చింది పొరుగున ఉన్న జాన్ పోసీ దగ్గర్నుంచే. పేరు, రాష్ట్రం, వయసు మూడూ సరిపోవడం వల్ల ఇతనే ఆయన అనడం న్యాయం. ఒక్క పేరే కలిస్తే చాలదు.

కాగితాలు చెప్పనివి కొన్ని మట్టిలో దొరికాయి. పెద్దింటి కమతంలో కుటుంబాల ఇల్లని పిలిచే వసతి ఉండేది. దాని నేలమాళిగ గుంతలో 1980ల్లో తవ్వకాలు మొదలయ్యాయి. చేప ముళ్లు, అడవి జంతువుల ఎముకలు, సీసపు గుళ్లు, పింగాణీ పెంకులు బయటపడ్డాయి. రేషన్‌గా వచ్చేవి మొక్కజొన్న పిండి, ఉప్పు చేప. గుంతలోని ఎముకలు చూస్తే ఆ తిండికి తోడు వేటా సాగిందని తెలుస్తుంది. రకూన్ ఎముక ఒకటి దొరికింది. దాని ఒక కొస చుట్టూ సన్నటి గాడి అరగదీసి ఉంది. దారం కట్టి మెడలో వేసుకోవడానికి కావచ్చు. ఎవరు అరగదీశారో ఏ పట్టీలోనూ ఉండదు. కానీ ఒక మనిషి తనకోసం చేసుకున్న వస్తువది.

వంశవృక్షం వెతికేవాళ్లకు మరో అడ్డుగోడ ఉంది. 1850, 1860 జనాభా లెక్కల బానిస పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, రంగు రాశారు. పేర్లు రాయలేదు. విముక్తి పొందినవాళ్లందరి పేర్లూ దేశం లెక్కలోకి ఎక్కింది 1870లోనే. అందుకే వీలునామాలు, పంపకాల పత్రాలు, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ల రిజిస్టర్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని వెనక్కి నడవాలి.

వాషింగ్టన్ సమాధికి కూతవేటు దూరంలో చెట్లమధ్య బానిసల శ్మశానం ఉంది. 1929లో అక్కడ ఒక రాయి వేశారు, 1983లో స్మారకం కట్టారు. 2014 నుంచి పురావస్తు శాస్త్రవేత్తలు పైపొర మట్టి మాత్రం తీసి, నేల రంగు మారిన చోట సమాధి గుంత హద్దులు గుర్తిస్తున్నారు. అస్థికలను కదల్చరు. కొలతలు రాసుకుని, మళ్లీ మట్టి కప్పేస్తారు.