కుంటెన నుండి అక్రమ రవాణా వరకు: స్త్రీల క్రయవిక్రయ నిరోధంలో చట్టభాషా పరిణామం

ఉపోద్ఘాతం

స్త్రీని సరుకుగా మార్చి లాభం గడించే వృత్తి తెలుగు సమాజానికి కొత్తది కాదు. కాలానుగుణంగా మారినవి దానిని పేర్కొనే మాటలే. సంస్కృత ‘కుట్టని’ శబ్దానికి చెందిన ‘కుంటెన’, తెలుగు ‘తార్పు’ అనే మాటలు ఇద్దరిని కలిపే మధ్యవర్తిని సూచిస్తాయేగాని అమ్మకందారును సూచించవు. అమ్ముడుపోయిన స్త్రీకి మాత్రం వేశ్య, సాని, భోగముది, పతిత అంటూ పేర్లకు కొదవ లేదు. ‘వెలయాలు’ అన్న మాటలో వెల ఆమె పేరులోనే చేరింది. ఆ వెలను పుచ్చుకున్నవానికి పేరు లేదు. ఆధునిక చట్టాలు కూడా చాలాకాలం ఇదే దృష్టితో నడిచాయి. ఆ దృష్టి ఎట్లా మారిందో, ఎంతవరకు మారలేదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వలసపాలన: రెండు దృక్పథాలు

1860 నాటి భారత శిక్షాస్మృతి 372వ సెక్షన్ మైనరును వ్యభిచారార్థం అమ్మడాన్ని, 373వ సెక్షన్ కొనడాన్ని నేరాలుగా ప్రకటించాయి. రెంటికీ పదేళ్ల వరకు శిక్ష ఉంది. అంటే అమ్మినవానినీ కొన్నవానినీ చట్టం మొదటినుండే గుర్తించింది. కాని ఎనిమిదేళ్లకే, 1868లో వచ్చిన అంటువ్యాధుల చట్టం స్త్రీలను నమోదు చేసి, నిర్బంధ వైద్యపరీక్షకు గురిచేసింది. సైనికుల ఆరోగ్యరక్షణ దాని ఉద్దేశం. ఒక చట్టం బాలికను బాధితురాలిగా చూస్తే, మరొకటి ఆమె పెరిగి పెద్దదైనాక వ్యాధికారకంగా చూసింది. 1888లో ఆ చట్టం రద్దయినా, స్త్రీనే నిఘాలో ఉంచాలన్న భావన రద్దు కాలేదు.

20వ శతాబ్ది ఆరంభంలో అంతర్జాతీయ ఒడంబడికలు ‘శ్వేత బానిస వ్యాపారం’ అనే పేరుతో వెలువడ్డాయి. 1921 నాటి జెనీవా ఒడంబడిక ఆ వర్ణసూచకాన్ని విడిచి ‘స్త్రీల, బాలల వ్యాపారం’ అన్నది. మద్రాసు రాష్ట్రంలో 1930లో అనైతిక వ్యాపార నిరోధక చట్టం వచ్చింది.

దేవదాసీ సంస్కరణ: భూమి ప్రశ్న

ఈ చరిత్రలో ముత్తులక్ష్మీరెడ్డి కృషి ముఖ్యమైనది. ఆమె పూనికతో 1929లో హిందూ దేవాదాయ చట్టానికి జరిగిన సవరణ, దేవదాసీల ఇనాము భూములను ఆలయసేవ అనే షరతు నుండి విముక్తం చేసింది. సేవ మానినా భూమి నిలిచింది. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం బాలికల సమర్పణనే నిషేధించింది. సంస్కరణను కళావంతుల కులంలోని యామినీ పూర్ణతిలకం వంటివారు బలపరిచారు. బెంగుళూరు నాగరత్నమ్మ వంటి విదుషీమణులు నిరసించారు. విద్య, ఆస్తి, కళ కలిగిన తమను వ్యభిచార వృత్తితో ఒకే గాటన కట్టడం అన్యాయమన్నది వారి అభ్యంతరం. వ్యాపారాన్ని కాక స్త్రీసమూహాన్ని లక్ష్యంగా చేసుకొనే సంస్కరణలోని చిక్కును ఈ వాదం బయటపెట్టింది.

నిజాం పాలనలోని తెలంగాణ అప్పటికి ఆ చట్ట పరిధిలో లేదు. అక్కడి జోగినులు అధికసంఖ్యలో దళిత స్త్రీలు. ఇనాము భూములు గల ఆలయ నర్తకుల స్థితి వేరు, గ్రామదేవతకు సమర్పితులై ఊరి పెత్తందార్లకు లోబడిన నిరుపేద జోగినుల స్థితి వేరు. 1980ల్లో నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణం చేపట్టిన ఉద్యమం పునరావాసాన్ని, బాలికల చదువును ముందుకు తెచ్చింది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం జోగిని, బసివి, పార్వతి, మాతమ్మ, త్యమ్మ అనే ప్రాంతీయ నామాలను పేరుపేరునా పేర్కొన్నది. స్థానిక నామం చట్టంలో లేనప్పుడు ఆచారం మరో పేరుతో తప్పించుకొనే అవకాశముంటుంది.

స్వాతంత్ర్యానంతర చట్టాలు

రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని నిషేధించింది. 1950 మే 9న న్యూయార్కులో సంతకం చేసిన ఒడంబడికను అనుసరించి 1956లో కేంద్ర చట్టం వచ్చింది. వ్యభిచార గృహ నిర్వహణ, ఆ సంపాదనపై జీవించడం, స్త్రీలను సేకరించడం అందులో నేరాలు. అయితే 8వ సెక్షన్ బహిరంగంగా విటులను పిలిచే స్త్రీని శిక్షార్హురాలిని చేసింది. 20వ సెక్షన్ ఆమెను ఆ ప్రాంతం నుండి వెళ్లగొట్టే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇచ్చింది. 1963లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది. 1986 సవరణ వ్యభిచారాన్ని ‘వాణిజ్య ప్రయోజనార్థం లైంగిక దోపిడి’గా పునర్నిర్వచించినా, ఆ రెండు సెక్షన్లు మిగిలాయి. నిర్వచనం ఆమెను దోపిడికి గురైనదిగా చెబుతుంటే, శిక్షాభాగం దోషిగా చూడటం మానలేదు.

2000 నాటి పలెర్మో ప్రోటోకాల్‌ను భారతదేశం 2011లో ధ్రువీకరించింది. 2013లో మార్చిన 370వ సెక్షన్ దోపిడి నిమిత్తం మనిషిని చేర్చుకోవడం, రవాణా చేయడం, ఆశ్రయమివ్వడం, బదిలీ చేయడం, స్వీకరించడం అనే ఐదు చర్యలను పేర్కొన్నది. బెదిరింపు, వంచన, అధికార దుర్వినియోగం, ప్రలోభం వంటివి సాధనాలు. నేర నిర్ధారణకు బాధితురాలి సమ్మతితో పనిలేదు. ఇప్పుడు ఈ నిబంధన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌గా ఉన్నది. మరోవైపు, 2022లో సుప్రీంకోర్టు తమంతట తాముగా ఆ వృత్తిలో ఉన్న వయోజనులను అరెస్టు చేసి వేధించరాదన్న ఆదేశమిచ్చింది. వ్యాపారాన్ని, వ్యక్తిని వేరుచేసి చూసే దిశలో ఇది ఒక అడుగు.

‘రవాణా’ అన్న మాట పరిమితి

ఈ పరిణామాన్ని తెలుగులో చెప్పడానికి నేడు స్థిరపడిన మాట ‘మనుషుల అక్రమ రవాణా’. ఇది దొంగసరుకును తలపిస్తుంది. వాహనాన్ని, సరిహద్దును కళ్లముందు నిలుపుతుంది. కాని చట్టం చెప్పిన ఐదు చర్యల్లో రవాణా ఒకటి మాత్రమే. సొంత ఊరిలోనే సమర్పితురాలైన జోగిని ఏ సరిహద్దూ దాటలేదు. అప్పు తీర్చలేక బిడ్డను అప్పగించిన ఇంటా, ఉద్యోగమని నమ్మించి తెచ్చి గదిలో బంధించిన పట్టణంలోనూ జరిగేది ఒకే వ్యాపారం. రైల్వే స్టేషన్లలో నిఘాతోనే నివారణ పూర్తవుతుందన్న భావనకు ఈ మాట కూడా తోడ్పడుతుంది. నమ్మించినవాడు చాలాసార్లు తెలిసినవాడే కావడం వల్ల తొలి చర్య ఇంటి గడపలోనే సాగుతుంది.

ముగింపు

చట్టచరిత్ర రెండు అంశాలను స్పష్టం చేస్తున్నది. స్త్రీని శిక్షించిన నిబంధనలు ఆమెను చట్టానికి దూరం చేసి, అమ్మినవానికే రక్షణ కల్పించాయి. జీవనాధారాన్ని నిలిపిన 1929 సవరణ వంటివి విముక్తిని ఆచరణయోగ్యం చేశాయి. అందుచేత నివారణ భూమి, చదువు, అప్పు అనే చోట్ల మొదలు కావలసి ఉన్నది. ‘వెలయాలు’ను ‘బాధితురాలు’గా మార్చడంతో భాష పని సగమే అయింది, వెల పుచ్చుకున్నవానిని పేరు పెట్టి పిలవడం మిగిలి ఉన్నది.