విశ్వవిద్యాలయ క్రీడల్లో నియమోల్లంఘన: శిక్ష ఎవరు వేస్తారు, ఎవరిపై పడుతుంది?

కళాశాల జట్టులో ఒక ఆటగాడి అర్హతపై ఫిర్యాదు వచ్చిందని, పరుగు పందెంలో ఎవరో తుపాకీ పేలకముందే కదిలారని, ఒకరి నమూనాలో నిషిద్ధ పదార్థం బయటపడిందని వార్త వెలువడగానే అభిమానుల్లో ఊహాగానాలు మొదలవుతాయి. జీవితకాల నిషేధమని ఒకరు, పతకం వెనక్కి తీసుకుంటారని మరొకరు, అసలు ఏమీ జరగదని ఇంకొకరు చెబుతారు. ఈ అంచనాల్లో చాలావరకు తప్పడానికి కారణం ఒక్కటే. తప్పు ఏ రకమైనది, దానిపై నిర్ణయాధికారం ఎవరిది అన్న ప్రశ్నలు వేయకముందే శిక్ష ఎంత అన్న ప్రశ్న వేస్తాం. గడచిన కొన్నేళ్ల ఉదాహరణలను పరిశీలిస్తే మరో సంగతి కూడా తేటపడుతుంది. విశ్వవిద్యాలయ క్రీడల్లో లోపం చాలాసార్లు సంస్థలదీ నిర్వాహకులదీ, నష్టం మాత్రం విద్యార్థిది.

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల పిల్లలకు ఇది దూరపు విషయం కాదు. 1965లో ఏర్పడిన వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం తరఫున ఆడేవారు పశ్చిమ మండల పోటీలకు వెళతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల క్రీడాకారులు దక్షిణ మండలంలో తలపడతారు. మండలాలు వేరైనా నియమావళి ఒక్కటే.

నిర్ణయాధికారం ఎవరిది?

దేశంలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహిస్తుంది. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ మండలిగా పుట్టిన ఈ సంస్థ 1973లో ప్రస్తుత పేరు స్వీకరించింది. 2020లో భువనేశ్వర్ వేదికగా ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు కూడా మొదలయ్యాయి. అభ్యర్థి నిజంగా చదువుతున్న విద్యార్థేనా, వయోపరిమితికి లోబడి ఉన్నారా అన్న అర్హతా ప్రశ్నలు పోటీ నిర్వాహక సంస్థ పరిధిలోకి వస్తాయి. మైదానంలో జరిగే ఉల్లంఘనలను ఆయా క్రీడల సాంకేతిక నియమాల ప్రకారం న్యాయనిర్ణేతలు తేలుస్తారు. మాదకద్రవ్యాల వ్యవహారం జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ అయిన ‘నాడా’ది. ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకు అంతర్జాతీయ సమాఖ్య ‘ఫిసు’ నిబంధనలు వర్తిస్తాయి.

అందువల్ల ఒకే వార్తలో రెండు మూడు అధికారాలు కలిసి కనిపించవచ్చు. అర్హత లేని ఆటగాడిని ‘నాడా’ శిక్షించదు. నిషిద్ధ ఔషధం వాడిన వారి శిక్షాకాలాన్ని విశ్వవిద్యాలయం నిర్ణయించదు.

నియమం తప్పని క్రీడాకారిణి పోగొట్టుకున్న రికార్డు

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించారు. అప్పటికి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకన్లు. ఇంత తేడాతో మెరుగుపరిచినా జ్యోతి సమయం రికార్డుల పుస్తకంలోకి ఎక్కలేదు. పరుగు తరువాత ఆమెకు డోపింగ్ పరీక్ష జరగకపోవడం, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేకపోవడం ఇందుకు కారణాలు. ఈ రెండు ఏర్పాట్లూ పరుగెత్తే వారి చేతిలో ఉండేవి కావు.

2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో ఆమె 13.09 సెకన్లలో పరుగు పూర్తిచేశారు. ఈసారి గాలి అడ్డుపడింది. వెనుక నుంచి వీచే గాలి వేగం సెకనుకు 2.0 మీటర్లు మించితే రికార్డు చెల్లదు. ఆనాడు అది 2.1గా నమోదైంది. చివరికి అదే ఏడాది మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో జాతీయ రికార్డు ఆమె పేరిట నమోదయింది. రెండేళ్ల క్రితం విశ్వవిద్యాలయ పోటీలో ఆమె సాధించిన సమయం కంటే ఇది తక్కువ స్థాయిది కావడం గమనార్హం.

గాలి కొలత అందరికీ సమానంగా వర్తించే నియమం. దాని మీద ఎవరికీ ఫిర్యాదు ఉండనవసరం లేదు. మూడబిదిరె సంగతి వేరు. అక్కడ ఎవరికీ శిక్ష పడలేదు. కాని ఏర్పాట్లలోని లోటు ఒక విద్యార్థినికి శిక్షగా పరిణమించింది.

హాంగ్‌ఝౌలో తారుమారైన అంచనాలు

2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో జ్యోతి 12.78 సెకన్ల కొత్త జాతీయ రికార్డుతో కాంస్యం గెలిచారు. ఆ పందెంలో రజతం చైనాకు చెందిన వూ యన్నీది. రెండు నెలలైనా గడవకముందే, అక్టోబరు 1న, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో వీరిద్దరూ పక్కపక్క వరుసల్లో నిలిచారు.

తుపాకీ పేలకముందే వూ కదిలారు. ఆ కదలికకు జ్యోతి కూడా స్పందించారు. మొదట అధికారులు జ్యోతిని సైతం తప్పించబోవడంతో ఆమె అక్కడే అభ్యంతరం తెలిపారు. దృశ్యాలను మళ్లీ చూసిన తరువాత ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. వూ రెండో స్థానంలో, 12.91 సెకన్లతో జ్యోతి మూడో స్థానంలో గమ్యం చేరారు. అనంతరం వూపై అనర్హత వేటు పడింది. జ్యోతి కాంస్యం రజతంగా మారింది.

ఆ కొద్దిసేపు అభిమానులు ఎన్నో విధాలుగా ఊహించారు. నియమం మాత్రం స్పష్టంగానే ఉంది. 2010 నుంచి అథ్లెటిక్స్‌లో, బహుళాంశ పోటీలను మినహాయిస్తే, మొదటి తప్పుడు ఆరంభానికే అనర్హత. 2003 నుంచి అప్పటివరకు మొత్తం బరికి ఒక అవకాశం ఉండేది. ఒకరు ముందు కదిలితే పక్కవారు అనుసరించడం సహజం కనుక, ఆ తప్పుకు కారకులైన వారినే శిక్షించాలని నిబంధనల వివరణ చెబుతుంది. అభ్యంతరం తేలేవరకు క్రీడాకారుడిని షరతుతో పరుగెత్తనివ్వడం కూడా నియమబద్ధమే. కాబట్టి గీత దాటిన క్షణంలోని ఫలితాన్ని తుది ఫలితంగా భావించరాదు. నియమం తెలిసి, ఆ క్షణంలోనే అభ్యంతరం చెప్పగలగడం వల్ల ఆమె పతకం దక్కింది.

పేర్లు అందక ఆటకు దూరమైన ఆరుగురు

2025 జులైలో జర్మనీలోని రైన్-రూర్ ప్రాంతంలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో భారత బ్యాడ్మింటన్ మిశ్రమ జట్టు కాంస్యం సాధించింది. అయితే జట్టుకు ఎంపికైన 12 మందిలో ఆరుగురికి ఆడే అవకాశమే దక్కలేదు. అధికారులు అందరి పేర్లను నిర్ణీత విధానంలో సమర్పించకపోవడం దీనికి కారణం. విమర్శలు చెలరేగడంతో విశ్వవిద్యాలయాల సంఘం తన సంయుక్త కార్యదర్శిని సస్పెండ్ చేసి విచారణ చేపట్టింది.

ఇక్కడ బాధ్యుడిగా ఒక అధికారిని గుర్తించారు. అది అవసరమైన చర్యే. కాని ‘ఫిసు’ పోటీలకు వయోపరిమితి 25 ఏళ్లు, పోటీలు జరిగేది రెండేళ్లకోసారి. ఆ ఆరుగురిలో మరో అవకాశం రానివారికి ఏ సస్పెన్షనూ పోయినదాన్ని తిరిగి తెచ్చి ఇవ్వలేదు.

డోపింగ్: బాధ్యత పూర్తిగా క్రీడాకారుడిదే

డోపింగ్ విషయంలో లెక్క మారుతుంది. 2022లో వచ్చిన జాతీయ డోపింగ్ నిరోధక చట్టం, ప్రపంచ నియమావళి ప్రకారం శరీరంలో దొరికిన పదార్థానికి క్రీడాకారుడే బాధ్యుడు. శిక్షకుడు ఇచ్చాడన్నా, పొడి డబ్బా మీద పేరు లేదన్నా ఉల్లంఘన రద్దు కాదు. ఆ వివరణ శిక్షాకాలాన్ని తగ్గించడానికి మాత్రమే ఉపకరించవచ్చు.

స్టెరాయిడ్ల వంటి పదార్థాలకు సాధారణంగా 4 ఏళ్ల నిషేధం. ‘నిర్దిష్ట పదార్థాలు’గా వర్గీకరించిన వాటికి, ఉద్దేశపూర్వకమని రుజువు కానప్పుడు, గరిష్ఠంగా 2 ఏళ్లు. 4 ఏళ్లు, అంతకు మించిన శిక్షకు గురయ్యే వారు అభియోగం అందిన 20 రోజుల్లో ఒప్పుకుని శిక్షకు అంగీకరిస్తే ఒక ఏడాది తగ్గుతుంది. మొదటి తప్పుకే జీవితకాల నిషేధమని జరిగే ప్రచారం సాధారణ సందర్భాల్లో నిజం కాదు. అయినా 20 ఏళ్ల విద్యార్థికి 4 ఏళ్లంటే విశ్వవిద్యాలయ క్రీడాజీవితం దాదాపు ముగిసినట్లే.

రిలే బృందంలో ఒకరు పట్టుబడితే నలుగురి ఫలితమూ రద్దవుతుంది. జట్టు క్రీడల్లో ఇద్దరికి మించి పట్టుబడినప్పుడే జట్టుపై చర్య ఉంటుంది. నిషిద్ధ ఔషధం ఇచ్చినట్లు, దాచడానికి సహకరించినట్లు రుజువైతే శిక్షకులకూ నిషేధం తప్పదు. మైనర్లు పట్టుబడినప్పుడు వారి చుట్టూ ఉన్న సహాయక సిబ్బందిపై విచారణ జరపాలని నియమావళి నిర్దేశిస్తోంది.

అమెరికా అనుభవం

కళాశాల క్రీడలే పెద్ద వ్యాపారమైన అమెరికాలో శిక్షలపై అభిమానుల చర్చ ఏడాది పొడవునా సాగుతుంది. అక్కడ చదువుకునే తెలుగు విద్యార్థులకు ఇది పరిచితమే. ఆటగాళ్లకు రహస్యంగా డబ్బు చెల్లించినందుకు డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు 1987 సీజన్ మొత్తాన్ని రద్దు చేశారు. ‘మరణశిక్ష’గా పేరుపడిన ఈ చర్య తరువాత విశ్వవిద్యాలయం 1988 సీజన్‌కూ దూరంగా ఉంది. తప్పుతో సంబంధం లేని ఆటగాళ్లు సైతం చెదిరిపోయారు. జట్టు కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

2025 ఆగస్టులో మిషిగన్ విశ్వవిద్యాలయంపై వచ్చిన నిర్ణయంలో దృష్టి మారింది. ప్రత్యర్థుల సంకేతాలను అక్రమంగా సేకరించిన ఆ వ్యవహారంలో సీజన్ అనంతర పోటీల నుంచి నిషేధం తప్పదని చాలామంది అభిమానులు లెక్కవేశారు. అంతటి తప్పే జరిగిందని విచారణ కమిటీ కూడా భావించింది. అయినా ఆ శిక్ష ప్రస్తుత విద్యార్థులను అన్యాయంగా దెబ్బతీస్తుందని పేర్కొంటూ, బదులుగా విశ్వవిద్యాలయంపై భారీ జరిమానా విధించింది. దాని మొత్తం 2 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా. బాధ్యులైన సిబ్బందిపై విడిగా చర్యలు తీసుకుంది.

అభిమానులు, విద్యార్థులు గుర్తుంచుకోవలసినవి

శిక్షను ఊహించేముందు నాలుగు విషయాలు చూడాలి. తప్పు అర్హతకు సంబంధించినదా, మైదానంలోనిదా, డోపింగా? నిర్ణయించే సంస్థ ఏది? ప్రస్తుత చర్య తాత్కాలికమా, తుదిదా? అప్పీలు గడువు ముగిసిందా? తాత్కాలిక సస్పెన్షన్‌ను శిక్షగా ప్రచారం చేస్తే, తరువాత నిర్దోషిగా తేలిన విద్యార్థికి కలిగిన అపకీర్తి పోదు.

క్రీడాకారులు నమోదు పత్రాల నకళ్లు దగ్గర ఉంచుకోవాలి. తమ పేరు ప్రవేశ జాబితాలో చేరిందో లేదో ప్రయాణానికి ముందే అడిగి తెలుసుకోవాలి. రికార్డు సాధించగల స్థాయిలో ఉన్నవారు డోపింగ్ పరీక్ష ఏర్పాటు గురించి నిర్వాహకులను ముందుగానే విచారించాలి. వైద్యుడు రాసిన మందునైనా నిషిద్ధ జాబితాతో సరిచూసుకోవాలి. చికిత్సకు ఆ మందు తప్పనిసరైతే నిబంధనల ప్రకారం మినహాయింపు కోరవచ్చు.

మన విశ్వవిద్యాలయాలు మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ వంటి గౌరవాల కోసం పోటీపడుతున్నాయి. ఆ కీర్తి సంస్థకు చెందినప్పుడు పత్రాల్లో, ఏర్పాట్లలో జరిగే లోపాల భారం కూడా సంస్థే మోయాలి. రైన్-రూర్ ఉదంతంపై విచారణ ఒక అధికారి సస్పెన్షన్‌తో ఆగకూడదు. ఆట కోల్పోయిన విద్యార్థికి ఎలా న్యాయం చేయాలో చెప్పే నిబంధనగా అది ముగియాలి.