స్తంభం, గోడ కలిసే చోటు: కంప్యూటరు నమూనాల చరిత్ర

కాంక్రీటు భవనంలో స్తంభాన్నీ, దాన్ని ఆనుకుని ఉండే నిర్మాణ గోడనూ (షియర్ వాల్) కంప్యూటరు నమూనాలో ఎలా చూపించాలన్నది కట్టడాల రూపకల్పనలో పాత చిక్కు. పనిచోట ఈ చిక్కే లేదు. ఇనుము కట్టి, సెంట్రింగు బిగించి, రెంటికీ ఒకేసారి కాంక్రీటు పోస్తారు. సెంట్రింగు విప్పాక పిల్లరు ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో మేస్త్రీ కూడా వేలు పెట్టి చూపలేడు. లెక్కకు వచ్చేసరికి మాత్రం స్తంభం ఒక గీత, గోడ ఒక పలక. ఈ గీతనూ పలకనూ అతకడానికి పడిన పాట్లే ఈ చరిత్రలో సింహభాగం.

ఏది స్తంభం, ఏది గోడ అన్నది కూడా ఒప్పందం మీద నడిచేదే. యూరోకోడ్ 2 ప్రకారం అడ్డకోతలో పొడవు, మందానికి 4 రెట్లు మించనంతవరకు అది స్తంభం, మించితే గోడ. భారత ప్రమాణం ఐఎస్ 13920 తన 2016 కూర్పులో షియర్ వాల్ పొడవు మందానికి కనీసం 4 రెట్లు ఉండాలంటుంది. అంటే 200 మి.మీ. మందం ఉన్నదానికి 800 మి.మీ. దగ్గర పేరు మారుతుంది. పేరుతోపాటు సాఫ్ట్‌వేర్‌లో అది నడిచే దారీ మారుతుంది.

కంప్యూటర్లు అందరికీ అందకముందు ఇంజనీర్లు ఈ కలయికను సమీకరణాలతోనే పట్టుకున్నారు. అడ్డకమ్మీలతో కలిపిన సమాంతర దూలాల మీద లెటీషియా చిట్టీ 1947లో రాసిన పత్రం దీనికి తొలి మెట్టు. 1960లలో బెక్, రోస్‌మన్ ఆ పద్ధతిని జంట గోడలకు అన్వయించారు. ఫజ్లుర్ ఖాన్, స్బరౌనిస్ 1964లో ఇంకో సంగతి తేల్చారు. గాలి వీచినప్పుడు గోడ జెండా కర్రలా వంగుతుంది. స్తంభాల ఫ్రేము అంతస్తు అంతస్తుకూ పక్కకు జరుగుతుంది. కింది అంతస్తుల్లో గోడ ఫ్రేమును ఆపితే, పై అంతస్తుల్లో ఫ్రేమే గోడను వెనక్కి లాగుతుంది. కాబట్టి ఒకదాన్ని వదిలి మరొకదాన్ని లెక్కగట్టడం కుదరదు.

తొలి ప్రోగ్రాములకు గీతలే తెలుసు. అందుకని గోడను కూడా ఒక వెడల్పాటి స్తంభంగా మార్చేశారు. గోడ నడిమధ్యన ఒక గీత, దానికి ఇరువైపులా అంచు దాకా వంగని చేతులు. 4 మీటర్ల గోడకు చెరో 2 మీటర్ల చేయి. ఆ చేతులు పెట్టడం మరిచిపోతే పక్క స్తంభం నుంచి వచ్చే దూలం 2 మీటర్లు అదనంగా సాగి, ఉన్నదానికంటే బలహీనంగా కనిపించేది. ఈ ఉపాయం సమతలపు గోడలకు చక్కగా పనిచేసింది. లిఫ్టు చుట్టూ ఉండే పెట్టెలాంటి గోడలు మెలితిరిగే చోట తడబడింది.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ విల్సన్ బృందం 1972లో ట్యాబ్స్ అనే ప్రోగ్రామును రాసింది. అది భవనాన్ని విడివిడి ఫ్రేములుగా, గోడలుగా తీసుకుని, తన తలంలో వంగని నేల పలకలతో వాటిని కట్టేసేది. కంప్యూటరు జ్ఞాపకశక్తి పిసరంత ఉన్న రోజుల్లో ఇది గొప్ప పొదుపు. కానీ రెండు ఫ్రేములకు ఉమ్మడిగా ఉన్న మూల స్తంభం ఒక ఫ్రేములో ఒకలా, రెండో ఫ్రేములో మరోలా కుంగవచ్చు. లెక్క అడ్డుచెప్పేది కాదు. ఉన్నది ఒకే స్తంభం, కుంగుబాట్లు మాత్రం రెండు! 1975లో వచ్చిన విస్తృత కూర్పు ఈట్యాబ్స్ ఈ లోపాన్ని సరిదిద్దింది. అదే ఏడాది అష్రఫ్ హబీబుల్లా స్థాపించిన సీఎస్ఐ సంస్థ ద్వారా ఆ పేరు ప్రపంచమంతా పాకింది.

గోడను చిన్న పలకలుగా కోసి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వచ్చాక కొత్త తలనొప్పి మొదలైంది. ఆనాటి పలక మూలలు పైకీ కిందికీ, పక్కలకూ కదిలేవి గానీ, తమ తలంలో తిరగడమనేది వాటి లెక్కలోనే లేదు. గోడలోకి బిగిసి ఉన్న దూలం నమూనాలో తలుపు బందులా వేలాడేది. దూలాన్ని ఒక పలక మేర గోడ లోపలికి పొడిగించి గీయడం అప్పటి చిట్కా. కొందరు గోడ అంచున స్తంభాన్ని గీసేవారు. అప్పుడు దూలం తెచ్చే మొమెంటు (వంచే ప్రభావం) ముందు ఆ చిన్న స్తంభం నెత్తినే పడేది. మూలల వద్ద తిరుగుడును చేర్చిన త్రికోణ పలకను ఆల్మన్ 1984లో ప్రతిపాదించాడు. 1990లో ఇబ్రహింబెగోవిచ్, టేలర్, విల్సన్ నాలుగు మూలల పలకకు అలాంటిదే సాధించారు. ఇవాళ ఈ చిక్కు కంటికి కనిపించకపోవడానికి కారణం అదే. అయితే ఆ తిరుగుడు బిగువు పలకల పరిమాణాన్ని బట్టి మారుతుంది గనుక పాత చిట్కా పూర్తిగా పోలేదు.

డిజైను దశలో మరో ప్రశ్న ఎదురవుతుంది. గోడ చివర ఉబ్బెత్తుగా ఉన్న స్తంభం విడి స్తంభమా, గోడలో భాగమా? ఐఎస్ 13920 దాన్ని గోడలో భాగంగానే చూస్తుంది. అంచు ఒత్తిడి కాంక్రీటు నిర్దేశిత బలంలో 0.2 వంతు దాటితే అక్కడ ప్రత్యేకంగా ఇనుము బిగించిన అంచు భాగం ఉండాలంటుంది. ఈట్యాబ్స్‌లో అయితే గోడ పలకలకూ, అంచు స్తంభానికీ ఒకే పియర్ (నిలువు గోడ భాగం) పేరు పెట్టి రెంటి బలాలనూ కలిపి చూడవచ్చు.

భవన సమాచార నమూనాలు వచ్చాక పేచీ కొలతల మీదికి మళ్లింది. 2000లో వెలువడి, 2002లో ఆటోడెస్క్ సంస్థ చేతికి వెళ్లిన రెవిట్ అనే ప్రోగ్రాములో అలంకార స్తంభాన్ని గోడ పక్కన పెడితే గోడ పూత దాని చుట్టూ తనంతట తానే అల్లుకుంటుంది. బరువు మోసే స్తంభానికి ఆ సదుపాయం లేదు, కలపాల్సింది మనమే. 300×600 మి.మీ. స్తంభం మధ్య దాకా, 600 దిశలో, 200 మి.మీ. గోడను గీసి కలపకుండా వదిలేస్తే 3 మీటర్ల అంతస్తులో ఒక్కో చివర 0.18 ఘనపు మీటర్ల కాంక్రీటు రెండుసార్లు లెక్కకొస్తుంది. 20 అంతస్తుల్లో రెండు చివరలకూ కలిపి 7.2 ఘనపు మీటర్లు. విశ్లేషణ నమూనాలోనూ అంతే: గోడకు చెందిన 0.06 చదరపు మీటర్లు స్తంభంలోనూ ఉంటుంది. రెవిట్ తన 2023 కూర్పులో విశ్లేషణ నమూనాను కట్టడపు బొమ్మ నుంచి విడదీసింది.

ఇటుక గోడల కథ వేరు. పిల్లర్ల మధ్య కట్టే ఇటుక గోడను చాలాకాలం బరువుగానే చూశారు, బలంగా కాదు. దాన్ని ఏటవాలు కర్రగా ఊహించవచ్చని 1961లో హోమ్స్ చూపాడు. భారత భూకంప ప్రమాణం ఐఎస్ 1893 తన 2016 కూర్పులో ఆ పద్ధతిని తీసుకుంది. కిటికీ ఎత్తు వరకే గోడ కట్టి వదిలితే స్తంభంలో కదలగలిగే భాగం పొట్టిదై, భూకంపంలో అక్కడే పగులుతుంది. గోడను గీయని నమూనాలో ఈ ప్రమాదం కనిపించదు.

హైదరాబాదు పడమటి శివార్లలో అల్యూమినియం సెంట్రింగుతో లేచే అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల స్తంభాలే మాయమై గోడలు మిగిలాయి. అక్కడ తలుపుకూ కిటికీకీ మధ్య మిగిలే పొట్టి గోడ ముక్క పొడవు మందానికి 4 రెట్లకంటే తగ్గితే, డిజైనరు దాన్ని మళ్లీ స్తంభంగానే లెక్కగట్టాల్సి వస్తుంది.