వేలిముద్ర ఎవరిని అనుమానిస్తుంది?

యంత్రాన్ని గురించి మన విద్యావంతుల్లో రెండు తొందరపాటు అభిప్రాయాలున్నాయి. యంత్రం వచ్చింది కాబట్టి అన్యాయం దానంతటదే పోతుందని కొందరు నమ్ముతారు. యంత్రం వచ్చింది కాబట్టి పేదవాడి బతుకు ఇక తెల్లారినట్టేనని మరికొందరు వాపోతారు. రేషను దుకాణంలో బియ్యం కోసం బొటనవేలు నొక్కించుకొనే చిన్న యంత్రాన్నే తీసుకొని, ఆ వేలిముద్ర ఎక్కడ, ఎవరి అవసరానికి పుట్టిందో పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాల్లోని లోపమూ బయటపడుతుంది.

1857 తిరుగుబాటు వేడి చల్లారకముందే, 1858లో, బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు సామాను సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. ఆ సంతకం తనది కాదని అతను రేపు అడ్డం తిరగకుండా భయపెట్టటమే దీని ఉద్దేశం. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా హెర్షెల్ ఈ పద్ధతిని దస్తావేజుల రిజిస్ట్రేషనుకూ, పింఛనుదారులకూ, ఖైదీలకూ వర్తింపజేశాడు. అయితే వేల ముద్రల్లోంచి కావలసిన ముద్రను వెదికి తీసే వర్గీకరణ లేనిదే ఇది పోలీసులకు అక్కరకు రాదు. ఆ వర్గీకరణను రూపొందించటంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే భారతీయ పోలీసు ఉద్యోగులు ముఖ్యపాత్ర వహించారు. పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. 1901లో లండను పోలీసులు అదే పద్ధతిని స్వీకరించారు.

1911 నాటి నేరస్థ తెగల చట్టం, నమోదైన తెగలవారి వేలిముద్రలు తీసుకొనే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. తెలుగునాట ఎరుకలవారు ఈ చట్టం కింద నమోదై, స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో కాపలా మధ్య బతికారు. 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. పల్లెల్లో వడ్డీవ్యాపారి ప్రామిసరీ నోటు మీద కూడా ఇదే బొటనవేలు పడింది. వేలు ఎవరిదో ఆ ముద్ర రుజువు చేసింది. పైన రాసిన అంకె ఆ మనిషికి చదివి వినిపించారో లేదో అది చెప్పలేదు. చదువు నేర్పకుండా ఉంచిన సమాజమే, వేలిముద్రగాడని అతన్ని ఎగతాళి చేసింది.

ఈ చరిత్ర గల వేలిముద్ర, 2010లో ఆధార్ మొదలయ్యాక కొత్త పనిలోకి దిగింది. 2015 నుండి ఆంధ్రప్రదేశ్ రేషను దుకాణాల్లో, తర్వాత తెలంగాణలోనూ ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. వీటివల్ల కలిగిన మేలును కాదనకూడదు. లేని మనిషి పేర డీలరు చిట్టాలో దొంగలెక్క రాయటం కష్టమయింది. 2019 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కార్డు చెల్లుబాటు కావటంతో, వలసపోయిన కూలీ పనిచేసేచోటనే తన బియ్యం తీసుకొనే వీలు కలిగింది.

కాని సిమెంటులో, సున్నంలో, ఇటుక బట్టీల్లో అరిగిన వేళ్ల గీతలను యంత్రం గుర్తించలేకపోతుంది. ముసలితనంలోనూ అంతే. జీవితమంతా కష్టపడిన చెయ్యే సాక్ష్యం చెప్పలేకపోతుంది. సిగ్నలు లేదనో, సర్వరు పనిచెయ్యటం లేదనో చెప్పి పంపితే, ఆ మనిషి ఖాళీ సంచితో తిరిగిపోతాడు. మర్నాడు మళ్లీ వస్తే కూలి పోతుంది.

ఇక్కడ రెండు అనుభవాలను పోల్చి చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీనీ, పింఛన్లనూ వేలిముద్ర కార్డుల ద్వారా చెల్లించిన పద్ధతిని ఆర్థికశాస్త్రవేత్తలు 157 మండలాల్లో పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఉపాధి కూలి త్వరగా అందింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది. కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లించే దారి అక్కడ మూసెయ్యలేదు. అదే పరిశోధకులు ఝార్ఖండ్ రేషనును పరిశీలించి 2020లో చెప్పినది వేరు. ఆధార్‌ను తప్పనిసరి చేసిన తొలి దశలో అక్కడ దొంగతనం సగటున తగ్గలేదు; కార్డుకు ఆధార్ జతకాని కుటుంబాలకు మాత్రం అందే సరుకు తగ్గింది. రెండుచోట్లా వేలిముద్ర ఒకటే. అది విఫలమైనప్పుడు నష్టం ఎవరు భరించాలన్న నిర్ణయం వేరు.

2013 ఆహార భద్రతా చట్టం బియ్యాన్ని హక్కుగా గుర్తించింది. హక్కుదారుణ్ణి ముందు దొంగగా అనుమానించి, తర్వాత విడిచిపెట్టటం హెర్షెల్ నాటి ఆలోచన. వేలు కలవనప్పుడు మొదట బియ్యం ఇవ్వాలి. కలవకపోవటానికి కారణం డీలరూ, అధికారీ రాసి సంతకం పెట్టాలి. ఆ లెక్క గ్రామసభలో చదవాలి. యంత్రాన్ని పగలగొట్టమని ఎవరూ అడగటం లేదు. జవాబు చెప్పవలసిన బాధ్యతను కూలీ వేలి మీదినుండి తీసి, యంత్రాన్ని నడిపించేవారి మీద పెట్టమని అడగాలి. చదువుకున్న మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ తమ వాడలోని రేషను దుకాణం దగ్గర నిలబడి ఈ మాట అడగటంతో పని మొదలుపెట్టవచ్చు.