కవిత చదివినవారూ, పుస్తకం అమ్మినవాడూ

1955 అక్టోబరు 7 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఒకప్పటి మోటారు రిపేరు షెడ్డులో వెలసిన సిక్స్ గ్యాలరీ అనే చిత్రశాలలో ఐదుగురు కవులు తమ కవితలు చదివారు. అలెన్ గిన్స్‌బర్గ్ రాసిన ‘హౌల్’ మొదటి భాగం జనం చెవిన పడింది ఆనాడే. ఆ రాత్రిని గురించి సాహిత్య చరిత్రకారులు కావలసినంత రాశారు. పోలీసులు మాత్రం ఆ రాత్రి రాలేదు. ఇరవై నెలల తర్వాత వచ్చారు, అదీ ఒక పుస్తకాల షాపుకు. ఈ తేడా విచారించదగ్గది.

ఆ షాపు పేరు సిటీ లైట్స్. చాప్లిన్ సినిమా పేరే అది. చాప్లిన్ తిరిగి రాకుండా 1952లో అమెరికా తలుపులు మూసింది; మరుసటి ఏడు పీటర్ మార్టిన్, లారెన్స్ ఫెర్లింగెట్టి చెరి ఐదువందల డాలర్లు వేసుకుని ఈ షాపు తెరిచారు. మార్టిన్ ఇటాలియన్ అరాచకవాది కార్లో ట్రెస్కా కుమారుడు. ఫెర్లింగెట్టి నౌకాదళంలో పనిచేస్తూ, అణుబాంబు పడిన కొద్ది వారాలకే నాగసాకిని కళ్లారా చూసినవాడు. వారు అమ్మినవి చవక రకం పేపర్‌బ్యాక్ పుస్తకాలు మాత్రమే. 1956లో ‘హౌల్’ను ఫెర్లింగెట్టే జేబు పుస్తకంగా ప్రకటించి 75 సెంట్లు వెల పెట్టాడు.

గదిలో చదివిన కవితను విన్నవారు నూరో నూటయాభయ్యో. డెబ్బైఅయిదు సెంట్ల పుస్తకం ఎవరి చేతికి పోతుందో ఎవరు చెప్పగలరు? పాలకులకు కంటగింపు అయింది ఇదే. 1957 మార్చిలో, ఇంగ్లండులో అచ్చయి వచ్చిన 520 ప్రతులను కస్టమ్స్ వారు పట్టుకున్నారు. కేసు నడపడానికి ఫెడరల్ ప్రాసిక్యూటరు ఒప్పుకోకపోవడంతో మే నెలలో వదిలేశారు. జూన్‌లో నగర పోలీసులు మారువేషంలో వచ్చి, ఒక ప్రతి కొని, అమ్మిన గుమాస్తాను అరెస్టు చేశారు. ఆ తర్వాత ఫెర్లింగెట్టినీ పట్టుకున్నారు. కవి మీద కేసే లేదు!

ఆ గుమాస్తా షిగెయోషి మురావ్. అమెరికాలోనే పుట్టిన జపాన్ సంతతివాడు. 1942లో అతని వంటివారిని లక్షమందికి పైగా నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, ఐడహోలోని మినిడోకా శిబిరంలో ముళ్లకంచె వెనక ఉన్నవాడు. ఏ నేరమూ చేయకుండా ఒకసారి బందీ అయినవాడికి రెండోసారి సంకెళ్లు పడింది ఒక కవితా పుస్తకం అమ్మినందుకు.

మోపిన నేరం అశ్లీలం. యుద్ధయంత్రాన్నీ డబ్బు రాజ్యాన్నీ దుమ్మెత్తిపోసిన కవితలో ప్రభువులకు బూతుమాటలే కనిపించాయి! ఆ కవుల నిరాశావాదంతో మనకు పేచీ ఉండవచ్చు గాని, వారి కోపం ఎవరి మీదనో పోలీసులకు తెలియదనుకోవడం అమాయకత్వం.

పుస్తకం తరఫున తొమ్మిదిమంది సాహిత్య నిపుణులు సాక్ష్యం చెప్పారు. 1957 అక్టోబరు 3న న్యాయమూర్తి క్లేటన్ హార్న్, సామాజిక ప్రయోజనం గల రచన అశ్లీలం కాదని తీర్పు ఇచ్చాడు. మురావ్ అంతకుముందే బయటపడ్డాడు. ఎందువల్ల? అమ్మిన పుస్తకంలో ఏమున్నదో అతనికి తెలుసునని రుజువు కాలేదు కనుక! కవిత్వం గురించి చెప్పవలసింది పండితులే. గుమాస్తాకు అజ్ఞానమే రక్ష. న్యాయం జరిగింది, నిజమే. కాని ఆ న్యాయంలోనూ వర్గభేదం దాగి ఉంది.

తెలుగు పాఠకునికి ఇక్కడ 1965 జ్ఞప్తికి రాక మానదు. హైదరాబాదులో దిగంబర కవులు తమ తొలి సంపుటిని ఒక రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేశారు. పుస్తకం ముందు శ్రామికుణ్ణి నిలబెట్టినది ఇక్కడ కవులు; అక్కడ పోలీసులు.

మురావ్ మళ్లీ ఆ షాపుకే వెళ్లాడు. 1970ల నడిమి దాకా దాన్ని నడిపింది అతడే.