పెంట గుమ్మం బాగుచేసిన అధిపతి



నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం వచ్చేసరికి చాలామంది అన్నీ పేర్లే కదా అని పేజీ తిప్పేస్తారు. అందులో ఒక పేరు దగ్గర కాసేపు ఆగుదాం. యెరూషలేము ప్రాకారం తిరిగి కడుతున్నప్పుడు గొర్రెల గుమ్మాన్ని యాజకులు కట్టారు. ఊరి చెత్త బయటికి పోయే పెంట గుమ్మాన్ని బాగుచేసింది రేకాబు కుమారుడైన మల్కీయా. ఆయన కూలివాడు కాదు, బేత్‌హక్కెరెము ప్రదేశానికి అధిపతి. తలుపులు నిలిపి, తాళాలు, గడియలు కూడా అమర్చాడు.

మన ఊళ్లలో ఈ పని ఎవరి నెత్తిన ఉండేదో సంఘంలో చాలా కుటుంబాలకు మేము చెప్పనక్కర్లేదు. అధిపతులు మాత్రం కాదు.

నాగారంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పెద్దవాళ్లను అడగండి. ఇంటి వెనుక పెంటకుప్ప ఉండేది. పేడ, పొయ్యి బూడిద, కూరగాయల తొక్కలు, ఊడ్చిన ఆకులు అన్నీ అందులోకే. ఎండాకాలంలో బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. పెళ్లిలో మోదుగాకు విస్తర్లు వేస్తే తిన్నాక అవీ కుప్పలోకే పోయేవి. పాత రోజులన్నీ బంగారమని మేము అనం. ఆ కుప్పల మీద ఈగలుండేవి, ఈగలతో రోగాలూ వచ్చేవి. కానీ ఊరి చెత్తను ఊరి పొలమే తినేది.

తర్వాత పట్నం ఇటు నడిచొచ్చింది. ఉప్పల్ దారిలో ఎన్‌జీఆర్‌ఐ, 1967లో ఈసీఐఎల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు వచ్చాయి. వాటి వెంట కాలనీలు వచ్చాయి. పొలాలు ప్లాట్లయ్యాయి, పశువులు పోయాయి, పెంటకుప్పకు చోటు లేకుండా పోయింది. అదే సమయంలో కుళ్లని సరుకు ఇంట్లోకి వచ్చింది: పాల ప్యాకెట్, క్యారీబ్యాగ్, థర్మాకోల్ ప్లేటు. 2007లో ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు గ్రేటర్‌లో కలిశాయి. మహానగరం చెత్తలో చాలా భాగం మన పొరుగున ఉన్న జవహర్‌నగర్ గుట్టకు చేరుతోంది. గాలి మన వైపు తిరిగిన రాత్రి కిటికీలు మూసుకుంటాం. ఆ గుట్ట కిందే బతికేవాళ్లు ఏ కిటికీ మూసుకోవాలి?

అక్కడ జరిగేది ఇదీ. మన వంటింటి చెత్తలో సగానికి పైగా తడిదే. గాలి తగలకుండా కింద పడి కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది, నల్లటి రసం కారుతుంది. ఆ రసం మల్కారం చెరువును పాడుచేసింది. పాత గుట్ట మీద మట్టి కప్పారు. 2020లో చెత్తతో కరెంటు తీసే ప్లాంటు కూడా మొదలైంది. అయితే తడి చెత్త సరిగా మండదు. ఏం చేసినా పని మళ్లీ మన గడప దగ్గరికే వస్తుంది. 2015లో నగరంలో ఇంటింటికీ రెండు బుట్టలిచ్చారు. 2016 నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడు రకాలుగా వేరు చేయమన్నాయి. ఆ బుట్టల్లో ఇప్పుడు ఎన్నింట్లో బియ్యం, ఎన్నింట్లో బట్టలు ఉన్నాయో అక్కలకే తెలుసు!

మళ్లీ పెంటకుప్ప పెట్టుకోవడం కష్టమేమీ కాదు. అడుగున చిల్లులున్న పాత కుండో బకెట్టో చాలు. ఒక పొర తొక్కలు, ఒక పొర ఎండాకులు వేసి గుప్పెడు పుల్లమజ్జిగ చల్లాలి. వానకు తడవకుండా మూత పెట్టి వారానికోసారి కలియబెట్టాలి. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఎండాకు వేయండి. రెండు నెలల్లో కరివేపాకు చెట్టుకు ఎరువు సిద్ధం. నాచారం కంపెనీలకు వెళ్లే తమ్ముళ్లు స్టీలు డబ్బా, నీళ్ల సీసా పట్టుకెళ్తే రోజుకు ఎన్ని కవర్లు తగ్గుతాయో వాళ్లే లెక్కపెట్టి మాకు చెప్పాలి. పాత సెల్లులు, ట్యూబ్‌లైట్లు, మందుల సీసాలు మాత్రం విడిగా కట్టి ఇవ్వండి. చెత్త ఏరే చేతులు కోసుకుపోతాయి.

అయిదు వేలమంది తిన్నాక ప్రభువు మిగిలిన ముక్కలు ఏరించాడు, పన్నెండు గంపలు నిండాయి. ఆకలి తీరింది కదా అని అక్కడే వదిలేసి వెళ్లలేదు.

కాబట్టి పెద్దలతో మాట్లాడి ఒక మాట అనుకున్నాం. వచ్చే నెల ప్రేమవిందుకు థర్మాకోల్ ప్లేట్లు కొనడం లేదు. ఎవరి పళ్లెం, గ్లాసు వారు తెచ్చుకోవాలి. బల్లారాధనకు గాజు గిన్నెలే వాడతాం. విందు తర్వాత ఎంగిలి ఎత్తే వంతు ఈసారి సంఘపెద్దలది, మొదటి పేరు పాస్టరుగారిదే రాశాం.