గ్రంథాలయాలు: మన గతము – మన బాధ్యత



ఈ ఏటి సావనీరుకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి రాసి ఇమ్మని కార్యవర్గం వారు నన్ను కోరినారు. రాజులు, కోటల గురించి రాద్దామని మొదట కాగితం ముందు పెట్టుకున్నాను. కాని కలం పట్టుకోగానే మా దాదా పుస్తకాల పెట్టె గుర్తుకు వచ్చింది. అందువలన గ్రంథాలయాల చరిత్ర గురించి, ఆ పెట్టె గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాను.

మన దీన్‌లో మొట్టమొదటి వహీ చదవమనే ఆజ్ఞతో మొదలైనదని మన పిల్లలందరికీ చెప్పుతాము. ఆ ఆజ్ఞను మన పూర్వికులు శిరసావహించినారు. అబ్బాసీ ఖలీఫాల కాలంలో బగ్దాదు నగరాన గ్రీకు, పారసీ, సంస్కృత గ్రంథాలను వెతికి తెప్పించి అరబ్బీలోకి అనువదింపజేసినారు. ఏ మతం వాడు రాసినాడని చూడలేదు, ఏమి రాసినాడని చూసినారు. 1258లో మంగోలులు బగ్దాదును ధ్వంసం చేసినప్పుడు అక్కడి పుస్తకాలు కూడా నాశనమైనవి. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు పిల్లలకు కోపం వస్తుంది. కాని మన ఇండ్లలోని పుస్తకాలను మంగోలులు వచ్చి పాడుచేయలేదు. ఆ మాటకు చివరన వస్తాను.

ఇప్పటికి 35 ఏండ్ల క్రిందటి మాట. మా ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో కితాబీ ఉర్దూ, గల్లీలో తెలుగు. అబ్బా పత్తి మార్కెట్లో కాంటా దగ్గర పనిచేసేవారు. పత్తి సీజనులో జమ్మికుంటకు చుట్టుపక్కల ఊర్ల నుండి బండ్లు బారులు తీరేవి, అబ్బా ఇల్లు చేరేసరికి రాత్రి అయ్యేది. బడి విడిచినాక గల్లీలు పట్టుకొని తిరుగుతున్నానని నన్ను తీసుకపోయి ఊరి గ్రంథాలయంలో కూర్చోబెట్టినారు. అక్కడ సియాసత్ పత్రిక కోసం వచ్చే ముసలివారు ఇద్దరు ముగ్గురు ఉండిరి. మిగతావన్నీ తెలుగు పుస్తకాలే.

లైబ్రేరియన్ సారు నన్ను చూసి, "ఏం చదువుతవు బిడ్డా?" అన్నారు.

"సారూ, నాకు తెలుగు మంచిగ రాదు" అన్నాను.

"రానోళ్ల కోసమే గద ఈ గది. వచ్చినోళ్లు ఇంట్ల కూసోనన్న చదువుకుంటరు" అని చెప్పి చందమామ చేతిలో పెట్టినారు. మొదట బొమ్మలు చూసినాను. తర్వాత బొమ్మల కింది అక్షరాలు కూడబలుక్కున్నాను. రెండేండ్లలో ఆ అల్మారా ఖాళీ చేసినాను. ఈనాడు ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ సారు పుణ్యమే.

ఆ గది ఎక్కడిది, దాని ఖర్చు ఎవరిది అన్న సంగతి చాలా మందికి తెలియదు. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. దానితో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తాయి. అనగా ఊరి గ్రంథాలయము సర్కారు దానం కాదు, మనం కట్టిన సొమ్ముతో నడిచేది. ఇందులో హిందువు పైసలు, ముస్లిం పైసలు అని వేరు లేదు.

చట్టం రాకముందు గ్రంథాలయాలు ఎట్లా పుట్టినవి? మన నిజాం రాష్ట్రంలో ఈ చరిత్ర రెండు పాయలుగా నడిచింది. ఒకటి ఉర్దూ, ఫారసీ, అరబ్బీ పాయ. 1891లో నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ గారి చొరవతో హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయము వెలిసింది. విచిత్రమేమిటంటే అదే ఏడు పాట్నాలో ఖుదా బఖ్ష్ గారు తండ్రి ఇచ్చినవి, తాను కూడబెట్టినవి వేలాది రాతప్రతులను ప్రజలకు అప్పగించి గ్రంథాలయము తెరిచినారు. ఆసఫియాకు మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో 1932లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ శంకుస్థాపన చేయగా, 1936 నాటికి ఆ పెద్ద భవనం సిద్ధమైంది. అదే తర్వాత స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అయింది.

రెండవది తెలుగు పాయ. ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయిన రోజులవి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. ఒక భారతీయ భాషలో వైద్యం, గణితం దాకా చెప్పవచ్చునని నిరూపించిన గొప్ప ప్రయత్నమది. కాని రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ మంది మాట్లాడే తెలుగుకు కచేరిలో గాని, కాలేజీలో గాని తగిన చోటు దొరకలేదు. ఈ మాట దాచవలసిన పని లేదు. అటువంటి కాలంలో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వచ్చింది. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 ఆంక్షలున్న రోజులలో, నలుగురు కూర్చొని పత్రిక చదువుకొనే గ్రంథాలయమే జనానికి బడి అయింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకొని ఊరూరు తిరిగినారు.

ఈ రెండు పాయలు ఒకదానికొకటి శత్రువులని కొందరు అనుకుంటారు. చరిత్ర అట్లా చెప్పదు. తెలుగు గ్రంథాలయాల కోసం జీవితమంతా పాటుపడిన మాడపాటి హనుమంతరావు గారు ఉర్దూ, ఫారసీ చదువుకున్నవారు, ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకు రాసినవారు. హైదరాబాదు తొలి మేయరు కూడా ఆయనే.

మన ప్రాంతం వారినే తీసుకుందాం. హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు సిరిసిల్లలో, కరీంనగర్‌లో, తర్వాత హైదరాబాదులో బి.ఎ. దాకా చదివిన చదువంతా ఉర్దూ మాధ్యమమే. ఆధునిక తెలుగు సాహిత్యం ఆయనకు సుల్తాన్‌బజారులోని భాషానిలయంలో దొరికింది. ఉర్దూ బడి ఉచ్చారణ నేర్పింది, తెలుగు గ్రంథాలయం తెలుగు నేర్పింది. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం ఆయనకు వచ్చింది. ఇటు ఆదిలాబాద్ వైపు చూస్తే సామల సదాశివ గారు మనలాగే పంతులు. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగులో రాసినారు. 1908 మూసీ వరదలో తల్లిని, భార్యాబిడ్డను పోగొట్టుకున్న అంజద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేసినారు. మన పిల్లలలో ఎంత మందికి అంజద్ పేరు తెలుసు? ఆయన్ను తెలుగువారికి పరిచయం చేసినది సదాశివ గారు. మనమేం చేసినమని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నేను హైదరాబాదులో బి.ఎడ్. చదువుకునేటప్పుడు అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి తరచు పోయేవాణ్ని. ఎత్తైన కప్పు, పొడుగు బల్లలు, బయట మూసీ వాసన. ఒకరోజు ఒక పాత ఉర్దూ తారీఖు గ్రంథం అడిగి తీసుకున్నాను. మొదటి పేజీలో దానిని ఇచ్చినాయన పేరు రాసి ఉన్నది. నాకు ఆయన ఎవరో తెలియదు. ఆయనకు జమ్మికుంట నుండి ఒక పిల్లవాడు వచ్చి చదువుతాడని తెలియదు. సదఖయె జారియా అంటే ఇదేనని ఆనాడు అర్థమైంది. మనిషి పోయినా పుణ్యం ఆగదు.

ఆ ఏడే రంజాన్ పండుగకు ఇంటికి వచ్చినాను. ఇంటికి సున్నం వేసినారు. దాదా పెట్టె ఉన్న చోట బియ్యం డబ్బా ఉన్నది. "పుస్తకాలేవి?" అంటే దాదీ, "చెదలు పట్టినయి బేటా. ఎవరు చదువుతరని? పాత కాగితాలాయనకు తూకానికి ఇచ్చినం" అన్నది. దాదీ తప్పు కాదు. ఆమె చదువుకోలేదు. చదువుకున్నది నేను. పరాయివారి పుస్తకాలు చూడడానికి రైలెక్కి పోయినాను గాని దాదా పెట్టె మూత ఒక్కనాడు తీయలేదు.

అందులో ఒక పుస్తకం చివరి ఖాళీ పేజీలలో దాదా మా ఇంటి పుట్టుకలు, చావులు ఫస్లీ తేదీలతో రాసి పెట్టినారట. మా అబ్బా పుట్టిన తేదీ అందులోనే ఉండేది. బడిలో చేర్పించేటప్పుడు పంతులు జూలై 1 అని రాసుకున్నాడు. ఇప్పుడు అబ్బా లేరు. ఆయన సరిగ్గా ఏనాడు పుట్టినారో ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆ పేజీ ఏ దుకాణంలోనో పొట్లమై ఉంటుంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. నేను ఉర్దూ పంతులునని తెలిసి, చుట్టుపక్కల ఊర్ల రైతులు పాత సేత్వార్లు, కబాలా కాగితాలు పట్టుకొని వస్తుంటారు. "సారూ, మా తాత పేరున్నదేమో జర చూడుండ్రి" అంటారు. వారిలో ఎక్కువ మంది హిందువులే. వారి భూమి మాట ఉర్దూ అక్షరాలలో ఉన్నది. అయితే ఆ అక్షరాలు చదివేవారు ఏటేటా తగ్గుతున్నారు. ఉర్దూ పోతే పోయేది ముస్లింల సంగతి మాత్రమే కాదు, ఈ ప్రాంతం మొత్తం సంగతి. అట్లాగే తెలుగు రాని మన పిల్లవాడు నష్టపోయేది పరీక్షలో మార్కులే కాదు, తన ఊరినే.

కనుక సొసైటీ సభ్యులకు మూడు మనవులు. ఒకటి: మీ ఇండ్లలోని పాత కితాబులు, రిసాలాలు, నిఖానామాలు, భూమి కాగితాలు తూకానికి ఇవ్వకముందు ఒక్కసారి మాకు చూపించండి. సొసైటీ గదిలో ఒక అల్మారా పెడితే చాలు, ఇచ్చినవారి పేరు మొదటి పేజీలో నేనే రాస్తాను. రెండు: వారానికి ఒక సాయంత్రమైనా పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, ఊరి గ్రంథాలయానికి తీసుకపోయి సభ్యత్వం ఇప్పించండి. అక్కడ ఉర్దూ పుస్తకాలు కావాలని మర్యాదగా అర్జీ పెట్టండి. పన్ను కడుతున్నాము, అడిగే హక్కు ఉన్నది. మూడు: ఇంట్లో పెద్దవారు ఉంటే వారు చెప్పే పుట్టుకలు, పెండ్లిళ్లు, ఊర్ల పేర్లు ఈ వారమే ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రేపు అడుగుదామంటే రేపు వారు ఉండకపోవచ్చు.

మా దాదా పెట్టె తిరిగి రాదు. మీ ఇంటి పెట్టె ఇంకా ఉన్నది. అల్లా మనందరికీ చదివే తౌఫీఖ్, చదివించే తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.